ఆ 200-500కి అడ్వాన్స్ ఇవ్వకు

నల్గొండ,
ఆదివారం రాత్రి

మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. ఫోన్‌లో చెబితే సగం విని మిగతా సగానికి "ఆఁ ఆఁ" అంటావని తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

జడ్చర్లలో స్టూడియో ఆయన దగ్గర పాత నికాన్ 200-500 జూమ్ లెన్స్ ఉందన్నావు, రేటు కూడా మంచిగనే చెప్తున్నాడన్నావు, రేపో మాపో అడ్వాన్స్ కొట్టేస్తానన్నావు. ఆగు. లెన్స్‌కి వంక పెట్టడానికి లేదు, నేను వాడేదే అది. పానగల్ కట్ట మీద నుంచి ఉదయసముద్రంలో ఎర్రకాళ్ల కొంగల్ని తీసి పంపితే మురిసిపోయావు కదా, అవన్నీ దాంతో తీసినవే. కానీ నీ చేతిలో ఉన్నది నికాన్ డి90 కెమెరా. ఆ లెన్స్ నీ కెమెరాకు పనికిరాదు.

నేనేదో కుళ్లుకుంటున్నాననుకోకు. లెన్స్ మీద పూర్తి పేరు చదువు: 200-500, ఎఫ్ 5.6 తర్వాత "ఇ" అనే అక్షరం ఉంటుంది. ఆ ఒక్క అక్షరంలోనే ఉంది కథంతా. లెన్స్ లోపల వెలుతురును తగ్గించే రెక్కలుంటాయి చూడు, అపర్చర్ రెక్కలు. పాత నికాన్ బాడీలు, అంటే లెన్స్ తీసేసిన కెమెరాలు, వాటిని మౌంట్ (లెన్స్ బిగించే చోటు) దగ్గరుండే చిన్న లివర్‌తో కదిలిస్తాయి. "ఇ" రకం లెన్సుల్లో ఆ లివరే ఉండదు, బాడీ నుంచి కరెంటు సిగ్నల్ వస్తేనే రెక్కలు కదులుతాయి. డి90 వచ్చింది 2008లో, ఈ లెన్స్ వచ్చింది 2015లో. నీ కెమెరాకు ఆ సిగ్నల్ పంపడం రాదు. డి80, డి200, డి3000 వాళ్లదీ ఇదే గతి. గమ్మత్తేమిటంటే లెన్స్ టక్కున బిగుస్తుంది, జూమ్ తిరుగుతుంది, వ్యూఫైండర్‌లో బొమ్మ కూడా కనబడుతుంది. కాబట్టి అమ్మేవాడు దొంగ కాకపోయినా "మీ కెమెరాకు పడుతుంది సార్" అని నమ్మకంగా చెప్తాడు. పెళ్లిళ్లు తీసే ఆయనకు నీ డి90 సంగతి ఎందుకు గుర్తుంటుంది?

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద జూమ్ కొనేటప్పుడు అందరూ గాజు గురించే మాట్లాడుతారు, ఫంగస్ ఉందా, గీతలు పడ్డాయా అని. అవి చూడాలి, కాదనను. కానీ నన్నడిగితే మొదటి ప్రశ్న నీ బాడీ గురించే. గాజు ఎంత శుభ్రంగా ఉన్నా బాడీతో పొసగకపోతే బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికి తప్ప ఎందుకూ అక్కరకు రాదు.

సరే, నీకు పడేవి చెప్తా. డి90కి ఒక బలం ఉంది. బాడీలోనే ఫోకస్ మోటార్ ఉంది. డి3000, డి5000 వరస కెమెరాల్లో అది లేదు. అందుకని నికాన్ వాళ్ల పాత 80-400, చివర "డి" అని ఉండేది, నీ దగ్గర ఆటోఫోకస్‌తో నడుస్తుంది. ఇప్పుడు చవగ్గా దొరుకుతుంది కూడా. కానీ ఫోకస్ మెల్లగా కదులుతుంది, ఎగిరే పాలపిట్ట వెంట పడలేదు. పైగా రేపు నువ్వు నికాన్ కొత్త రకం జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్ కెమెరాకు మారితే, దానికి పాత లెన్సులు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. అప్పుడు దాన్ని అమ్మాలన్నా నీలాంటి పాత కెమెరా వాడినే వెతకాలి.

టామ్రాన్ 150-600 ఉంది. ఇందులో మొదటి రకం నీకు పడుతుంది. రెండో రకం, అదే జీ2 అంటారు, 2016లో వచ్చింది, నికాన్ మౌంట్‌లో దాని రెక్కలు కూడా కరెంటువే. నీకు పడదు. అమ్మేవాళ్లు రెండింటినీ "టామ్రాన్ 150-600" అనే చెప్తారు, ఏదో అడిగి తెలుసుకో. లెన్స్ మీదుండే మోడల్ నంబర్ చూస్తే తేలిపోతుంది: ఏ011 అయితే మొదటిది, ఏ022 అయితే రెండోది.

నా ఓటు మాత్రం సిగ్మా 150-600 కాంటెంపరరీకే. బరువు 1,930 గ్రాములు, నా నికాన్ కాలర్‌తో, అంటే స్టాండ్‌కు బిగించే పట్టీతో, కలిపి 2,300 తూగుతుంది. సిగ్మాలోనే స్పోర్ట్ అని ఇంకోటి ఉంది, మూడు కిలోలకు కాస్త తక్కువ, దాని జోలికి పోకు. కోయిల్‌సాగర్ గట్టు మీద ఎండలో అది మోశావంటే మళ్లీ ఆ దిక్కు పోవు. సిగ్మా ఎందుకంటే, నీ డి90లో ఆటోఫోకస్‌ను సవరించుకునే సదుపాయం లేదు. లెన్స్ పిట్ట కన్ను మీద కాకుండా రెండు అంగుళాలు వెనక ఫోకస్ పెట్టేదైతే నీ బాడీ దాన్ని దిద్దలేదు. సిగ్మాకు యూఎస్‌బీ డాక్ అని చిన్న పరికరం వస్తుంది, కంప్యూటర్‌కు కలిపి లెన్స్‌లోనే ఆ తేడా సరిచెయ్యొచ్చు. టామ్రాన్ మొదటి రకానికి అలాంటిదేం లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా. ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఈ సిగ్మా, టామ్రాన్ రెండూ జూమ్ చివర్లో ఎఫ్ 6.3కి పోతాయి, నీ కెమెరా ఫోకస్ లెక్క 5.6 దాకానే. మంచి వెలుతురులో మధ్య పాయింట్ పెట్టుకుంటే పని జరుగుతుంది. పొద్దుగూకాక ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, అప్పుడు లెన్స్‌ను తిట్టకు.

ఇక చూసేటప్పుడు ఎలా చూడాలో చెప్తా. ఫోన్ టార్చ్ వెనక గాజు వైపు నుంచి కొట్టి ముందు నుంచి చూడు, తర్వాత అటు నుంచి ఇటు. గాజు అంచున సాలెగూడు దారాల్లాంటివి కనబడితే అది ఫంగస్. పొగచూరినట్టు తెల్లగా మసకగా ఉంటే హేజ్. రెండూ వద్దు. ఫంగస్ క్లీన్ చేయిస్తా అంటాడు, చేయిస్తే పోతుంది కూడా, కానీ కోటింగ్‌ను తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. దుమ్ము రవ్వలు కనబడితే మాత్రం భయపడకు. ఇవి జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగే లెన్సులు, సాగినప్పుడల్లా గాలి పీలుస్తాయి, నాలుగు రవ్వలు లోపల లేకుండా ఉండవు. ముందు గాజు మీద సన్నటి గీత ఉంటే ఫొటోలో తెలియదు, రేటు తగ్గించడానికి బాగా పనికొస్తుంది. వెనక గాజు మీద గీతుంటే లేచి వచ్చెయ్. తోలు కేసులో పెట్టి ఏళ్ల తరబడి బీరువాలో దాచానని గొప్పగా చెప్పేవాడి దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. వానాకాలం చెమ్మ ఆ తోలులోనే నిలుస్తుంది. రోజూ ఎండన పడి వాడిన లెన్సుకే ఫంగస్ తక్కువ.

పాత ట్రాక్టర్ బేరానికి పోయినవాడు ముందు ఇంజిన్ చప్పుడు విన్నట్టు, నువ్వూ ఫోకస్ మోటార్ చప్పుడు విను. గరగర ఉండొద్దు, దగ్గర నుంచి దూరానికి ఆగకుండా పోవాలి. 600కి పెట్టి షటర్ బటన్ సగం నొక్కి పట్టు, వ్యూఫైండర్‌లో వణుకుతున్న బొమ్మ నిలబడిపోవాలి. ఈ వణుకు ఆపేదాన్ని సిగ్మా వాళ్లు ఓఎస్ అంటారు, మన నికాన్‌లో వీఆర్ అంటాం. లెన్స్‌ను నేలవైపు దించితే గొట్టం దానంతటది జారిపోతుంటే రింగ్ వదులైందని అర్థం. వాడుకోవచ్చు, రేటు తగ్గాలి. మౌంట్ చుట్టూ ఉండే స్క్రూల తలకాయలు చూడు. రంగు లేచి, గాడి చెదిరి ఉంటే ఎవరో విప్పారు.

ఆ తర్వాత కెమెరాను స్టాండ్ మీద పెట్టి, ఓఎస్ ఆపేసి, పదిహేను ఇరవై అడుగుల దూరంలో ఇటుక గోడకు ఎదురుగా నిలబెట్టు. నాలుగు మూలలూ ఒకే తీరుగా రావాలి. ఎడమ వైపు ఇటుకలు గీసినట్టుండి కుడి వైపు అలికినట్టుంటే లోపల ఏదో గాజు పక్కకు జరిగింది, లెన్స్ ఎప్పుడో కింద పడి ఉంటుంది. అదే గోడను అపర్చర్ మోడ్‌లో ఎఫ్ నంబర్ 6.3, 8, 11, 16 పెట్టి తియ్యి. అన్నీ ఒకే వెలుతురుతో రావాలి. 11, 16 దగ్గర తెల్లబడితే రెక్కలు సమయానికి మూసుకోవడం లేదు. ఇవన్నీ నీ కెమెరాతో, నీ కార్డులో తియ్యి. ఆయన కెమెరా స్క్రీన్ మీద చూసి "మస్తుంది" అనెయ్యకు.

మా దగ్గర ఇప్పుడు ఈ సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? సగం పెళ్లి స్టూడియోల నుంచే. అందరూ మిర్రర్‌లెస్‌కు పోతున్నారు, పాత మౌంట్ లెన్సులు దించేస్తున్నారు. 2023లో జెడ్ మౌంట్‌కు 180-600 వచ్చాక పిట్టల ఫొటోగ్రాఫర్లు కూడా నా రకం లెన్సులు అమ్మకానికి పెడుతున్నారు. కొనేవాడికి మంచి కాలం, అందుకే తొందర పడొద్దంటున్నా. స్టూడియోల నుంచి వచ్చేవాటిలో 70-200 ఎఫ్ 2.8లే ఎక్కువ. వాటిని చూస్తే నాకు నవ్వొస్తుంది, రబ్బర్ రింగ్ సందుల్లో పసుపు, ముందు ఎండకు అడ్డంగా పెట్టే హుడ్ లోపల అక్షింతలు. అదేం తప్పు కాదు, కడిగితే పోతుంది. కిరాయికి తిరిగిన లెన్సులే డేంజర్. ఒక్కో ముహూర్తానికి ఒక్కో కెమెరాకు బిగించి విప్పి మౌంట్ ఇత్తడి తేలి ఉంటుంది. 150-600లు పెళ్లిళ్లలో తిరగవు కాబట్టి ఆ బాధ తక్కువ, అవి ఎక్కువగా సరదాకు కొని, నాలుగు నెమళ్లను తీసి, భుజం నొప్పని మూలన పెట్టినవే. అలాంటిదొకటి దొరికితే నీ పంట పండినట్టే. బిల్లు అడుగు, బిల్లు మీది సీరియల్ నంబర్, లెన్స్ మీది నంబర్ కలవాలి. బిల్లు లేదంటే రేటు ఎంత తక్కువైనా నేను కొనను. హుడ్, కాలర్ ఉన్నాయా చూడు. కాలర్ లేకుండా ఆ బరువంతా నీ బాడీ మౌంట్ మీద పడుతుంది.

నీ పాత 70-300 అమ్మేస్తానన్నావు కదా. వీఆర్ లేనిది, "జి" అని ఉండేది. కొనే పిల్లవాడిది ఏ కెమెరా అని ముందు అడుగు. డి5300 లాంటిదైతే ఆటోఫోకస్ పనిచెయ్యదని నువ్వే చెప్పు. దాచి అమ్మితే రెండో రోజు నీ ఇంటి ముందుంటాడు, పాలమూరు ఎంత ఊరని? డి7000 వరసవాడికైతే మంచిగ నడుస్తుంది. పెద్ద రేటు ఆశపడకు, ప్లాస్టిక్ మౌంట్ అది. కడిగి, ముందూ వెనకా మూతలు పెట్టి, దాంతో తీసిన నాలుగు ఫొటోలు చూపించు. ఏదైనా లోపముంటే అది కూడా ఫొటో తీసి పంపు, బేరం అక్కడే సగం తగ్గుతుంది.

ఆన్‌లైన్‌లో పెట్టగానే "నేను మిలిటరీలో ఉన్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, చూడకుండానే కొంటా" అని ఒకడు తప్పకుండా ఫోన్ చేస్తాడు. క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చెయ్యండి, పైసలు పడతాయి" అంటాడు. మనకు పైసలు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. ఇంకో రకంవాడు ఎదురుగా నిలబడి కట్టినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. నీ బ్యాంకు ఖాతాలో పడిందాకా లెన్స్ చెయ్యి దాటొద్దు. కొనేటప్పుడూ అంతే, చూడకముందు రూపాయి కూడా పంపకు.

మా ఊళ్లో గడియారం సెంటర్ దగ్గరి స్టూడియో అన్నకు సిగ్మా సంగతి చెప్పి పెట్టా. కోఠి నుంచి సరుకు తెచ్చే మనిషి, నికాన్ మౌంట్‌ది తగిలితే పక్కన పెడతానన్నాడు. వచ్చిన రోజు ఫోన్ చేస్తా, పొద్దున బస్సుకే వచ్చెయ్. డి90, నిండా చార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ కార్డు తెచ్చుకో. స్టాండ్ నా దగ్గరుంది. లెన్స్ ముందు బేరం నేను మాట్లాడుతా, నువ్వు మొహంలో సంతోషం కనబడనియ్యకుండా నిలబడు చాలు. గోడ పరీక్షలో నిలిస్తే అటు నుంచి అటే పానగల్ కట్టకు పోదాం, ఈ మధ్య గూడబాతులు కూడా దిగుతున్నాయి.

అక్కకు నమస్కారాలు చెప్పు. రేటు ఎంతని అడిగితే నా పేరు చెప్పకు.

నీ దోస్తు