అత్యవసరం కాదని ముందే తేల్చేదెవరు, మంత్రి గారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

చిన్నాచితకా జబ్బులకు ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ల దగ్గర అదనపు రుసుము వసూలు చేస్తే రద్దీ తగ్గుతుందన్న సలహా ఎప్పుడూ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. అది మీ దాకా వస్తే పక్కన పెట్టమని, ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసిన డాక్టరుగా అడుగుతున్నాను.

రాత్రి రెండింటికి ఒకాయన ఛాతీ పట్టుకుని వస్తాడు. ఈసీజీ తీస్తాం, రక్తపరీక్ష చేస్తాం, కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంటాం. తెల్లారేసరికి గ్యాస్ అని తేలుతుంది. లెక్కల్లో ఆయన ‘అనవసరంగా వచ్చినవాడు’. కానీ వచ్చినప్పుడు ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. 2013లో ‘జామా’ అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం చెప్పిందీ ఇదే. ఎమర్జెన్సీకి వచ్చిన కేసుల్లో, చివరికి ఫ్యామిలీ డాక్టరు చూస్తే సరిపోయేవని తేలినవి 6.3 శాతమే. కానీ ఆ కేసుల వాళ్లు వస్తూ చెప్పిన బాధలే మొత్తం కేసుల్లో 88.7 శాతం మంది చెప్పారు. రుసుముకు భయపడి ఇంట్లో ఆగిపోయేవాళ్లలో గుండెపోటు వచ్చినవాడూ ఉంటాడు.

అసలు రద్దీ గొంతునొప్పి పిల్లాడి వల్ల కాదు. వాడికి పట్టేది పది నిమిషాలు, ఎవరి పరిస్థితి ఎంత తీవ్రమో చూసి వరుస పెట్టే ట్రయాజ్‌లో ఎలాగూ చివరన కూర్చుంటాడు. అడ్మిట్ చేసినా పై వార్డులో మంచం దొరక్క మా స్ట్రెచర్ల మీదే పడుకున్నవాళ్ల వల్లే మాకు ఊపిరాడదు.

అలాగని బీపీ మాత్రలు అయిపోయాయని అర్ధరాత్రి వచ్చేవాళ్లు లేరనను. ఉన్నారు, విసుక్కుంటాం కూడా. ఎందుకొచ్చారంటే, పని దిగేసరికి క్లినిక్ మూసేస్తారంటారు. పైగా నాకు ఆ మనిషి కొత్త. తలనొప్పని వస్తే, అది పదేళ్ల నాటిదని తెలిసిన డాక్టరైతే నాలుగు మాటలతో పంపేస్తాడు, నేను స్కాన్ రాస్తాను. నార్వేలో ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లను, ఏడాది లోపు ఉన్నవాళ్లతో పోల్చి చూశారు. పనివేళలు దాటాక వైద్యానికి వెళ్లడం దాదాపు 30 శాతం, ఉన్నపళంగా ఆస్పత్రిలో చేరడం 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువ.

రుసుము వసూలుకు పెట్టే సిబ్బందిని ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి పంపండి. క్లినిక్‌లు సాయంత్రాలు, సెలవు రోజుల్లో తెరిచి ఉండాలి. రాత్రి ఫోన్ చేస్తే ఇప్పుడే రావాలా, పొద్దున దాకా ఆగవచ్చా అని చెప్పే నర్సో డాక్టరో ఉండాలి. నెదర్లాండ్స్‌లో ఫ్యామిలీ డాక్టర్లు సహకార సంఘాలుగా ఏర్పడి రాత్రుళ్లు వంతులవారీగా చూస్తున్నారు. మేము రాసే డిశ్చార్జి కాగితం ఆ మర్నాడే రోగి సొంత డాక్టరుకు చేరే ఏర్పాటు కూడా చేయండి. ఇప్పుడది రోగి జేబులోనే నలిగిపోతోంది.

ఇట్లు,
ఒక ఎమర్జెన్సీ డ్యూటీ డాక్టరు