మార్కులు తక్కువని లా చదువు మాన్పించకండి

సంపాదకులకు నమస్కారం.

మా ఆదోనిలో డిగ్రీ పాసైన ముస్లిం పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, లా చదవాలని ఉందంటే అందరూ ముందు అడిగేది మార్కులెన్నని. 43 అనో 46 అనో చెప్పగానే "ఆ మార్కులకు లా సీటు ఎవరిస్తారమ్మా, ఏదన్నా కంప్యూటర్ కోర్సు చేసుకో" అంటారు. పాఠాలు చెప్పిన లెక్చరర్లు కూడా ఈ మాటే అంటున్నారు. వింటుంటే చాలా బాధగా ఉంటుంది. బీకాంలో 43 శాతంతో లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) రాసి సీటు తెచ్చుకుని, ఇప్పుడు ఈ ఊరి కోర్టులోనే ప్రాక్టీసు చేస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీ మార్కులు అర్హత చూడటానికి మాత్రమే. ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉంటే చాలు. ర్యాంకులో డిగ్రీ మార్కులు కలపరు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, గంటన్నర టైము. తప్పు రాసినా మార్కు కోయరు. 42 మార్కులొస్తే క్వాలిఫై అయినట్టే, ఎస్సీ ఎస్టీలకు ఆ హద్దు కూడా లేదు. మంచి కాలేజీ కావాలంటే ర్యాంకు బాగుండాలి, నిజమే. కానీ సగం ప్రశ్నలు జీకే, కరెంట్ అఫైర్స్ మీదే ఉంటాయి. ఇంగ్లిష్ పక్కన తెలుగు కూడా ఉంటుంది. రోజూ పేపరు శ్రద్ధగా చదివే పిల్లలకు ఇదేం అందని పరీక్ష కాదు. క్లాట్ సంగతి విని హడలిపోయేవాళ్లున్నారు. తప్పుకు పావు మార్కు పోయే ఆ ఇంగ్లిష్ పరీక్ష ఇంటర్ తర్వాత జాతీయ లా యూనివర్సిటీల్లో ఐదేళ్ల కోర్సు చదివేవాళ్లకు. డిగ్రీ అయినవాళ్లకు దానితో పనే లేదు.

అసలు చిక్కు సర్టిఫికెట్ల దగ్గరే వస్తోంది. 2007 చట్టంతో వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలవుతోంది. షేక్‌లు, ఖురేషీలు, హజామ్‌లు, దోబీ ముస్లింలు ఇందులోకి వస్తారు. దూదేకుల వాళ్లు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఏ బీసీలోనూ లేవు. వాళ్లకు 45 శాతం ఉండాల్సిందే. షరతులకు సరిపోతే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా) సర్టిఫికెట్ తీసుకోవచ్చు. నాతో చదివిన ఒక పఠాన్ల అమ్మాయికి డిగ్రీలో 44 వచ్చింది. నాకంటే ఒక శాతం ఎక్కువే. నేను షేక్‌ని కాబట్టి దరఖాస్తు పెట్టగలిగాను, తను ఆగిపోయింది. మా ఇద్దరి నాన్నలూ పత్తి మార్కెట్లో హమాలీలే. దీని గురించి మా పెద్దలు, ప్రజాప్రతినిధులు ఒక్కసారైనా నోరు విప్పాలని అడుగుతున్నాను.

అర్హత ఉన్నవాళ్లు కూడా కౌన్సెలింగ్ దగ్గరపడ్డాక సచివాలయానికి పరుగెత్తుతున్నారు. కుల ధ్రువీకరణ చేతికి రాకపోతే బీసీ అమ్మాయి కూడా ఓసీ కింద పోటీ పడాలి, అమ్మాయిలకుండే మూడోవంతు వాటా ఉన్నా సరే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇవన్నీ డిగ్రీ ఫైనల్ ఇయర్‌లోనే తీసి పెట్టుకోవాలి. ఇంటర్ అయ్యాక పెళ్లి చేసుకుని, తర్వాత దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసిన అక్కచెల్లెళ్లు కూడా రాయొచ్చు. టెన్త్, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లకే ఆ అవకాశం లేదు.

భరణం కేసుల్లో మా దగ్గరికొచ్చే ఆడవాళ్లు ఇంట్లో జరిగింది తెలుగులో చెప్పలేక మధ్యలో ఉర్దూలోకి వెళ్లిపోతారు. మగ లాయరు ముందు, తోడొచ్చిన అన్నదమ్ముల ముందు కొన్ని మాటలు అసలు చెప్పరు. విడాకులైన ముస్లిం మహిళ కూడా పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 125 సెక్షన్ కింద భరణం అడగొచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు సంగతి వాళ్ల భాషలో విడమరిచి చెప్పేవాళ్లు ప్రతి తాలూకా కోర్టులోనూ కావాలి. కర్నూలులో హైకోర్టు బెంచి కోసం 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి హైకోర్టు కావాలని మన సీమ అడుగుతూనే ఉంది. ఆ బెంచి వచ్చాక అందులో వాదించేవాళ్లలో మన వీధుల పిల్లలు కూడా ఉండాలి కదా.

ఆదోని, కర్నూలు, నంద్యాల డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒక మనవి. లాసెట్ నోటిఫికేషన్‌కు ముందే ఫైనల్ ఇయర్ పిల్లల్ని ఒక గంట కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పించండి. మసీదు కమిటీలు జుమా రోజున ప్రకటిస్తే ఇళ్లలో ఉన్న ఆడపిల్లల దాకా వెళుతుంది. ఆదోనిలో ఏ కాలేజీ పిలిచినా నేను వచ్చి మాట్లాడతాను. దరఖాస్తు నింపడానికి సాయం కావాల్సినవాళ్లు సాయంత్రం కోర్టు అయ్యాక బార్ అసోసియేషన్ దగ్గరికి రావచ్చు.

ఇట్లు,
ఒక మహిళా న్యాయవాది,
ఆదోని, కర్నూలు జిల్లా