మరమ్మతు ఎవరిదో అగ్రిమెంటులోనే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో అద్దె ఇంటికి మారే తెలుగు కుటుంబాలు మొదట అడిగేవి మూడే ప్రశ్నలు: అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నీళ్లు కావేరివా బోరువా? ఇంట్లో ఏదైనా పాడైతే బాగుచేయించేది ఎవరన్న నాలుగో ప్రశ్న సామాన్లు దింపుకుని, పాలు పొంగించుకున్న తరవాత గానీ గుర్తుకు రాదు. పద్నాలుగేళ్లుగా ఈ నగరంలో అద్దె ఇళ్లలోనే ఉంటున్నాను. అనంతపురంలోని మా సొంత ఇంటిని ఇంకొకరికి బాడుగకు ఇచ్చాను. రెండు వైపుల కష్టమూ చూసిన అనుభవంతో, ఆ నాలుగో ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కె.ఆర్. పురంలో ఇంతకు ముందు మేమున్న ఇంటిని చూడటానికి వెళ్లిన రోజున కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. గోడలు నున్నగా, తెల్లగా ఉన్నాయి. మేము చేరిన కొద్ది వారాలకు పై అంతస్తులోకి అద్దెకు వచ్చారు. ఆ తరవాత మా పడకగది సీలింగు అంచున అరచేయంత మరక కనిపించింది. రెండు నెలలు తిరిగేసరికి అది గోడ వెంబడి స్విచ్‌బోర్డు దాకా దిగింది. వేలితో తడిమితే రంగు కింద నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలేది. రాత్రిళ్లు పెచ్చులూడి మా అత్తగారి మంచం మీద పడుతుంటే, ఆవిడ మంచాన్ని హాల్లోకి మార్చాం. ఓనరు గారికి ఫోన్ చేస్తే "ఇల్లు అప్పగించినప్పుడు బాగానే ఉంది కదా, మీరే చూసుకోండి" అన్నారు. పైవాళ్లను అడిగితే తామూ అద్దెకున్నవాళ్లమే కదా అన్నారు. అలా ఏడు నెలలు గడిచాయి. చివరకు మేమే పిలిపించుకున్న ప్లంబరు పై ఇంటి స్నానాలగదిలో నీళ్లు పోయే కన్నాన్ని గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం లోతున నీళ్లు నిలబెట్టి, ఒక రాత్రంతా అలాగే వదిలేశాడు. తెల్లారేసరికి మా సీలింగు నుంచి బొట్లు రాలుతున్నాయి. నహానీ ట్రాప్ (స్నానాలగది నేలలో నీళ్లు బయటికి పోయే గొట్టం మూతి) చుట్టూ ఉన్న సిమెంటు జాయింటు విడిపోయిందని, పైన బాగుచేయకుండా కింద ఎన్నిసార్లు రంగు వేసినా ఆ గోడ నిలవదని అతను చెప్పాడు. మాకంటే ముందున్నవారూ ఇదే ఫిర్యాదు చేసి ఇల్లు ఖాళీ చేశారని పక్కింటివారి ద్వారా తరవాత తెలిసింది. మేము ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగు కింద ఒక నెల అద్దె తగ్గించి ఇచ్చారు. తగ్గించిన ఆ లెక్కలో ఈ గోడ కూడా ఉంది.

ఇటువంటి చోట చట్టం ఏమంటుందో తెలుసుకోవాలని నేను 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను చదివాను. ఇంటికి ఉన్న ముఖ్యమైన లోపం యజమానికి తెలిసి ఉండి, అద్దెకు వచ్చేవారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే, దాన్ని ముందే చెప్పాల్సిన బాధ్యత యజమానిదే. తెలిసిన చెమ్మ మీద కొత్త రంగు పూసి ఇల్లు చూపించడం ఈ మాటకు విరుద్ధమని నా అభిప్రాయం. అదే సెక్షనులో మరొక మాట ఉంది. యజమాని చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. చిక్కంతా "చేయించవలసిన" అన్న ఒక్క మాటలోనే ఉంది. ఏ మరమ్మతు యజమాని చేయించవలసిందో ఆ సెక్షను లెక్కపెట్టి చెప్పలేదు. పైగా, వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయని మొదట్లోనే ఉంది. అంటే అగ్రిమెంటులో ఏమీ రాసుకోకపోతే, మినహాయించుకునే హక్కు ఉన్నా దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఖాళీ చేసేటప్పుడు నెల అద్దె పట్టుకునే పద్ధతిని మాత్రం "ఇక్కడి ఆచారం" అంటూ సునాయాసంగా సమర్థించుకుంటున్నారు.

కర్ణాటకకు 1999 నాటి అద్దె చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. బెంగళూరులో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. ఆ అద్దెకు ఈ నగరంలో ఇవాళ ఒక్క గది దొరకడమే గగనం. కాబట్టి అందులో ఎన్ని రక్షణలున్నా మనలో చాలామందికి అందవు. మిగిలేది అగ్రిమెంటు ఒక్కటే. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలి గనుక అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. స్టాంపు పేపరు అమ్మే దుకాణంలో పేర్లు, అంకెలు మాత్రమే మార్చి ఇచ్చే ఆ రెండు పేజీల్లో అద్దె ఏ తేదీలోగా కట్టాలో, ఏటా ఎంత శాతం పెంచాలో కచ్చితంగా ఉంటుంది. గోడలో చెమ్మ వస్తే, సంపు పగిలితే, వైర్లు కాలితే ఎవరు చూడాలో ఒక్క ముక్కా ఉండదు.

పొరుగునే ఉన్న తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న చట్టం ఈ పని చేసి చూపించింది. యజమానులు, అద్దెదారుల హక్కులు, బాధ్యతలకు సంబంధించిన ఆ 2017 చట్టంలో మరమ్మతులను ఇద్దరి మధ్యా పంచుతూ ఒక షెడ్యూలు ఉంది. అద్దెదారు వల్ల పాడైనది కాకపోతే కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులకూ కిటికీలకూ రంగు, అవసరమైనప్పుడు నీటి గొట్టాల మార్పు, లోపలా బయటా విద్యుత్ వైరింగు యజమాని బాధ్యత. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం, గీజరు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాల వంటివి అద్దెదారు బాధ్యత. వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదని కూడా అక్కడ పరిమితి ఉంది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టమూ ఇలాంటి షెడ్యూలునే ఇస్తూ, నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలలకు పరిమితం చేసింది. అయితే అది రాష్ట్రాలు తమంతట తాము చట్టం చేసుకోవడానికి ఇచ్చిన నమూనా మాత్రమే.

షెడ్యూలు వల్ల ఉపయోగం ఏమిటో ఇప్పుడున్న ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. గీజరు వేసి ఉండగా కుళాయి తిప్పితే చేతికి జిల్లుమనేది. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే, బోరు నీటి ఉప్పు గట్టిపడి హీటింగ్ కాయిలు పగిలి ఉంది. అంతకంటే భయపెట్టినది మరొకటి: గోడలోని సాకెట్టుకు ఎర్తు వైరే లేదు. ఎంసీబీ (కరెంటును దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉంది కదా అని మేము ధైర్యంగా ఉన్నాం. అది ఎక్కువ లోడుకూ షార్టుకూ పడిపోతుందే తప్ప, మనిషి ఒంట్లోంచి పారే కొద్దిపాటి కరెంటును పట్టుకోదని, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేరుగా ఉండాలని అతను వివరించాడు. తమిళనాడు షెడ్యూలును ఫోనులో ఓనరు గారికి చదివి వినిపించాను. "గీజరు ఖర్చు నాది, వైరింగు ఖర్చు మీది" అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, న్యాయంగానే ఉందని ఒప్పుకుని, ఎర్తు లాగించి ఆర్‌సీసీబీ పెట్టించారు. మాటా మాటా పెరగకుండా పదిహేను నిమిషాల్లో తేలిపోయిన విషయమది. కర్ణాటకలో దానికి ఏ బలమూ లేదని ఆయనకూ తెలుసు. అయినా ఎవరిది ఎంతో స్పష్టంగా రాసి ఉన్న కాగితం ఎదురుగా ఉంటే వాదన దానంతటదే తగ్గింది.

తప్పంతా యజమానులదేనని నేను అనడం లేదు. అనంతపురం ఇంట్లో ట్యాంకు దగ్గర గొట్టం కారుతోందని మాకు చెప్పి ఉంటే, ఒక పూట పనితో పోయేది. చెప్పకుండా ఒక ఎండాకాలమంతా గడిపేసరికి శ్లాబులోకి నీళ్లు దిగి ఇనుము తుప్పు పట్టింది. ఖాళీ సంపు మీద మోటారు తిప్పి కాల్చినవారూ ఉన్నారు. మామూలు అరుగుదల పోను ఇంటిని చేరినప్పటి స్థితిలోనే ఉంచడం అద్దెదారు విధి అని అదే 108వ సెక్షను చెబుతోంది. మనవాళ్లలో చాలామంది లోపం కనిపించినా యజమానికి చెప్పకుండా "మన ఇల్లు కాదు కదా" అని ఊరుకుంటారు. అడిగితే అద్దె పెంచుతారేమోనన్న భయమూ ఉంటుంది. చెప్పినదానికి రుజువుగా ఫోటోతో సహా ఒక వాట్సాప్ సందేశం పంపి ఉంచుకోవాలని, ఇల్లు చేరిన రోజునే గది గదికీ ఫోటోలు తీసి ఓనరుకు పంపాలని అద్దెకుండే ప్రతి కుటుంబాన్నీ కోరుతున్నాను.

ఈ నగరంలో వాడుకగా వస్తున్న పది నెలల అడ్వాన్సు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు ఐదారు నెలలకు దిగినవారూ ఉన్నారు గానీ, పది అడిగేవారు ఇంకా తగ్గలేదు. అంత డబ్బు అవతల ఉన్నప్పుడు మరమ్మతు చేయించి అద్దెలో మినహాయించుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది? నెల అద్దెలో నాలుగు వేలు తగ్గించి కడితే, ఖాళీ చేసేనాడు అడ్వాన్సులోంచి ఎంత కోస్తారోనని భయం. నాకూ ఆ భయమే ఉండి, చెమ్మ గోడ పక్కన ఏడు నెలలు ఊరుకున్నాను.

కర్ణాటక ప్రభుత్వం అద్దె పరిమితితో సంబంధం లేకుండా అన్ని నివాస గృహాలకూ వర్తించే మరమ్మతుల షెడ్యూలును చట్టంలో చేర్చాలి. అడ్వాన్సుకు పరిమితి పెట్టాలి. పెయింటింగు పేరిట కోత పెట్టేవారు చేయించిన పనికి బిల్లు చూపించాలన్న నియమం ఉండాలి. చట్టం వచ్చే దాకా ఆగనక్కర లేకుండా, ఆ షెడ్యూలును అగ్రిమెంటుకు మూడో పేజీగా జతచేసి ఇద్దరూ సంతకాలు చేయవచ్చు. బెంగళూరు ఎడిషనులో ఇళ్ల ప్రకటనలు వేసే పేజీలోనే, కత్తిరించి దాచుకునేలా అటువంటి నమూనా పత్రాన్ని ఒక న్యాయవాది చేత తెలుగులో రాయించి ప్రచురించాలని మీకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కె.ఆర్. పురం, బెంగళూరు