గిఫ్ట్ లెటర్‌లో 25 వేలే రాశాను

అమ్మలూ,

మీ ఇంటి కొనుగోలుకు నేనిచ్చే డబ్బు అప్పు కాదు, కానుకేనని రుణమిచ్చే లెండర్‌కు చూపడానికి నువ్వు పంపిన గిఫ్ట్ లెటర్ ఫారం అందింది. 60 వేల డాలర్లు అని రాసి, సంతకం చేసి, రేపటికల్లా స్కాన్ పంపమన్నావు. ఫోన్లో అయితే మాటా మాటా పెరుగుతుందని, అల్లుడు గారు నొచ్చుకుంటారని, ఈ రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆ 60 వేలలో 25 వేలు మావే. మీ నాన్నగారు, నేను నీ కోసమే దాచిన డబ్బు అది. తిరిగి ఇమ్మని మేము ఏనాడూ అడగం. తక్కిన 35 వేలు మాత్రం, రెండేళ్లలో తీర్చాలన్న మాట మీద అల్లుడు గారి స్నేహితుడు ఇస్తున్న చేబదులు. ఆ సొమ్ము ముందు నా ఖాతాలో పడి, అక్కడి నుంచి నా కానుకగా నీ ఖాతాకు రావాలన్నది మీ ఆలోచన. ఫారంలో నా పేరు, చిరునామా, నీకు నేనేమవుతానో, ఎంత ఇస్తున్నానో రాసే గళ్ల కింద, ఈ సొమ్మును తిరిగి చెల్లించవలసిన అవసరం లేదన్న వాక్యం ఒకటుంది. నా సంతకం నిజానికి ఆ వాక్యానికే. ఆ 35 వేల విషయంలో అది అబద్ధమని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇదంతా కాగితాల తంతు అని నువ్వన్నావు. ఆ మాట నాకు కొత్త కాదు. మీ తాతగారు గుంటూరు దగ్గర పొలం అమ్మినప్పుడు దస్తావేజులో రాసిన ధర ఒకటి, చేతికి వచ్చిన ధర మరొకటి. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని అందరూ అలాగే రాసేవారు, ఎవరికీ తప్పుగా తోచేది కాదు. ఆ అలవాటును మనం మూట కట్టుకుని అమెరికాకు కూడా తెచ్చుకున్నామని, ఇళ్ల కొనుగోళ్ల కాగితాలు, డబ్బు చూసే టైటిల్ కంపెనీలో ఎస్క్రో ఆఫీసరుగా ఇన్నేళ్లు మనవాళ్ల క్లోజింగులు, అంటే సంతకాలు పెట్టించి డబ్బు చేతులు మార్చే పని, చేశాక నాకు అనిపిస్తోంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 2006లో, నువ్వింకా బడికి వెళ్లే రోజుల్లో, ఒక తెలుగు కుర్రవాడు సంతకాలకు వచ్చాడు. తానే కాపురం ఉండబోతున్నట్టు రాసి తీసుకున్న రుణం అది. పక్కన మరొకాయన కూర్చుని, కుర్రవాడికి పేజీలు తిప్పి చూపిస్తున్నాడు. మనవాళ్లు కనబడితే అడిగినట్టే, "ఇల్లు ఏ ముఖం బాబూ?" అని అడిగాను. అతను జవాబు చెప్పకుండా పక్కాయన వైపు చూశాడు. "తూర్పు" అన్నాడాయన. నా ముందున్న ఫైల్లోనే సర్వే కాగితం ఉంది. దాని మూలన ఉత్తరాన్ని చూపే బాణం గుర్తును బట్టి ఆ ఇంటి గుమ్మం పడమటికి ఉందని తెలుస్తోంది. ఇల్లు కొంటున్న తెలుగువాడికి సింహద్వారం ఎటుందో తెలియకపోవడం ఉండదు. అతను ఆ ఇంటిని చూడనే లేదని, పేరు మాత్రమే అరువిచ్చిన బినామీ అని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. డ్రైవింగ్ లైసెన్సు సరిపోయింది, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, సాయంత్రం లోపు డబ్బు కదలాలని అందరూ తొందరపెడుతున్నారు. నేను నోటరీ ముద్ర వేసేశాను.

ఏడాది తిరగకుండానే ఆ ఇల్లు వేలానికి వచ్చింది. టెక్సాస్‌లో నెల మొదటి మంగళవారం నాడు బాకీ కట్టని ఇళ్లకు కౌంటీలో జరిగే ఫోర్‌క్లోజర్ వేలాల జాబితాలో ఆ చిరునామా చూశాను. తర్వాత ఆ అబ్బాయి ఫోన్ చేసి, "ఆంటీ, నేను పేరొక్కటే ఇచ్చాను, వాయిదాలు ఆయనే కడతానన్నాడు" అని ఏడ్చాడు. గృహరుణ మోసాలు పెరిగిపోతున్నాయని ఎఫ్‌బీఐ 2004లోనే అమెరికా కాంగ్రెస్‌ను హెచ్చరించింది. ఆ వార్తలు చదివి కూడా నా బల్ల దగ్గరికి వచ్చినదాన్ని నేను ఆపలేదు. ఆ రోజు నేను లెండర్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ కుర్రవాడు బతికిపోయేవాడు.

మీది అంత పెద్ద మోసం కాదని నువ్వంటావు. నిజమే, మీరు ఆ ఇంట్లోనే ఉంటారు, వాయిదాలూ కడతారు. కానీ రుణ దరఖాస్తులో, ఈ కొనుగోలు కోసం ఇందులో చెప్పకుండా ఇంకెక్కడైనా అప్పు తెస్తున్నారా అని సూటిగా అడిగే ప్రశ్న ఉంటుంది. మీరిద్దరూ లేదని గుర్తు పెట్టి సంతకం చేస్తారు. 35 వేలు రెండేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 1,460 డాలర్లు. ఆ భారం కనబడకుండా చేసి, మీ జీతానికి ఇంత వాయిదా సరిపోతుందని మీరు లెండర్‌ను నమ్మిస్తున్నారు. తెలిసి తెలిసి ఇలాంటి అబద్ధం రాస్తే ఫెడరల్ చట్టం 18వ టైటిల్, 1014 సెక్షన్ కింద 30 ఏళ్ల దాకా జైలు, పది లక్షల డాలర్ల దాకా జరిమానా విధించవచ్చు. నీకు అంత శిక్ష పడుతుందని బెదిరించడం లేదు. వాయిదాలు సక్రమంగా కడుతున్నంత కాలం చాలామంది పాత కాగితాలు ఎవరూ తిరగేయరు. నాకు భయమల్లా మీలో ఒకరి ఉద్యోగం పోయిన నెల గురించే. ఆ నెల ఇంటి వాయిదా కట్టాలా, స్నేహితుడి బాకీ తీర్చాలా అన్నది మీరు ఎవరికీ చెప్పుకోలేని బాధ అవుతుంది.

రౌండ్ రాక్‌లో మీ క్లోజింగ్ చేసే ఆమెను కూడా ఒకసారి తలచుకో. లెండర్ పంపే సూచనల్లో, తమకు చెప్పని మరో అప్పు సంగతి తెలిస్తే క్లోజింగ్ ఆపి తమకు తెలపమని రాసి ఉంటుంది. ఆమెకు తెలియదు కాబట్టి మీరు చెప్పినదే నమ్మి డబ్బు పంపుతుంది. నాకు తెలుసు.

ఇల్లు వదులుకోమని నేను అనడం లేదు. 5 లక్షల 20 వేల ఇంటికి మీ 44 వేలు, మా 25 వేలు కలిస్తే 69 వేలు, అంటే 13 శాతం పైనే. 20 శాతం డౌన్ పేమెంట్‌గా ముందే కట్టకపోతే నెలనెలా పీఎంఐ, అంటే లెండర్ నష్టపోకుండా మీరు కట్టే బీమా, పడుతుంది, అంతే కదా. అది కలకాలం ఉండేది కాదు. అప్పు ఇంటి అసలు విలువలో 80 శాతానికి దిగితే తీసేయమని రాతపూర్వకంగా అడగవచ్చు, వాయిదాలు సక్రమంగా కడుతుంటే 78 శాతం దగ్గర లెండరే తీసేయాలని 1998 నాటి చట్టం ఉంది. దానికీ మనసొప్పకపోతే ఒక ఏడాది ఆగండి, లేదా కాస్త చిన్న ఇల్లు చూడండి. అల్లుడు గారితో నన్ను మాట్లాడమంటే మాట్లాడతాను. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, ఇల్లాలికి 20 శాతం కట్టి మంచి ఇల్లు ఇవ్వాలన్న ఆరాటమే ఆయనది.

25 వేలకు పూర్తి చేసిన ఫారం, నా బ్యాంకు స్టేట్‌మెంటు దీనితో పంపుతున్నాను. రేపు పొద్దున్నే లోన్ ఆఫీసరుకు ఫోన్ చేసి, డౌన్ పేమెంట్ మారిందని చెప్పు. క్లోజింగుకు మూడు పనిదినాల ముందు చేతికి వచ్చే రుణం చివరి లెక్కల కాగితం, క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో కొత్త లెక్కలు పడేలా చూసుకో. డబ్బు పంపాల్సిన ఖాతా (వైర్) వివరాలు మారాయని ఈమెయిల్ వస్తే మాత్రం నమ్మవద్దు. టైటిల్ కంపెనీకి నీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేసి కనుక్కో. సంతకాల రోజున నేను సెలవు పెట్టి వస్తాను.

మీ అమ్మ