నగల కొట్టోళ్ల కాగితం

చీమకుర్తి,
శ్రావణ శుద్ధ పంచమి

అమ్మాయ్,

నాన్న దీవెనలు. నువ్వు ఫోన్లో పంపిన నగల కొట్టోళ్ల ప్రకటన ఒప్పందం నాలుగు పేజీలూ చదివాను. చదివినవాడికి అర్థం కాకూడదనే రాసినట్టుంది. దాంతోపాటు నువ్వు పంపిన మాట గూడా చూశాను: సంగీత సభల్లో తిరిగేవాళ్లెవరో, ప్రకటనకు వాయిస్తున్నావని నిన్ను "అమ్ముడుపోయింది" అన్నారని, రెండు రోజులుగా నాదస్వరం పీక నోట పెట్టలేదని. ముందు ఆ మాట సంగతి తేలుద్దాం, తర్వాత కాగితం.

నాదస్వరం ఏ కాలంలోనూ ఊరికే మోగలేదు తల్లీ. గుళ్లో మేలుకొలుపు నుంచి పవళింపు సేవ దాకా వాయించినవాడికి దేవుడి మాన్యం ఉండేది. ఆ పొలం పండితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. 1956లో ఇట్టాంటి మాన్యాల మీద ఇనాముల రద్దు చట్టం వచ్చాక ఆ లెక్కలన్నీ మారినయ్. పెళ్లి మేళం మీద ఆధారం పెరిగింది. త్యాగరాజస్వామి "నిధి చాల సుఖమా" అన్నాడు గదా అని నీకు గుర్తుచేసేవాళ్లున్నారు. అన్నాడు, కాదనం. ఆయన ఉంఛవృత్తికి వీధిలో పాడుకుంటూ పోతే ఇంటింటా గుప్పెడు బియ్యం పోశారు. చెన్నైలో నువ్వు అద్దె కట్టే పేటలో అట్టాంటి వీధి ఒకటి చూపించమను, తర్వాత ఆ కీర్తన మాట్లాడుకోవచ్చు.

సినిమాకు వాయిస్తే పాడైపోతామనేది ఇంకో మాట. కారుకురిచ్చి అరుణాచలం ఎవరు? పేరుమోసిన నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై శిష్యుడు. 1962లో ఒక తమిళ సినిమాకు జానకమ్మ గొంతుతో పోటీగా నాదస్వరం వాయించాడు. తెలుగులో మనం "నీ లీల పాడెద దేవా" అని పాడుకునేది ఆ పాటే. రెండేళ్లకు, 1964లో, ఆయన పోయాడు. పెళ్లి పందిట్లో ఇవాళ్టికీ ఆ పాట అడుగుతానే ఉన్నారు. నీకు తీరికున్నప్పుడు ఆ పాటలో నాదస్వరం ఒక్కటే చెవిన పెట్టుకుని విను. ఆభేరి రాగం ఆభేరిగానే ఉంది. గాంధారం (గ) మీద ఊపు ఉండాల్సినంత ఉంది. సినిమాకు వాయించడం వేరు, సినిమా కోసం రాగాన్ని చిత్రిక పట్టి నున్నగా చేసెయ్యడం వేరు.

ఊరు వదిలిపోయావన్నది గూడా నీ మీద ఒక నేరం గదా. మన పక్కన కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ తంజావూరు బాణీ కోసం ఆ సీమకు పోయి నేర్చుకుని, శ్రీరంగంలోనే స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్లు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. అప్పుడు కరవది మనవాడే అని మనమే చెప్పుకున్నాం.

ఈ నింద మన దగ్గరే పుట్టింది గూడా కాదు. అమెరికాలో బాబ్ డిలన్ అనే జానపద పాటగాడు 1965 జులైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో కరెంటు గిటారు పట్టుకుని ఎక్కితే జనంలో కొందరు గేలి చేశారు. అదే డిలన్ 2020లో తాను రాసిన పాటల హక్కులన్నీ యూనివర్సల్ కంపెనీకి అమ్మాడు. అది వార్త అయింది గానీ గేలి కాలేదు. జనం గిటారును చూస్తారు, బట్టల్ని చూస్తారు. అమ్మకం జరిగేది కాగితం మీద. అందుకే ఇక కాగితంలోకి వద్దాం.

మన ఊరి రాయి సంగతి నీకు తెలుసు. గెలాక్సీ గ్రానైటు బ్లాకుగా లారీ ఎక్కితే ఒక ధర, పలకలుగా కోసి పాలిష్ పెట్టాక ఒక ధర. వాళ్లు నీకిస్తానన్న 60,000 బ్లాకు ధర. మూడు గంటల రికార్డింగు, ఒక పూట ఫోటోలు, అంతవరకు అది మంచి ధరే, తప్పు పట్టను. కానీ రెండో పేజీలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో" అని ఉంది చూశావా? క్వారీ మొత్తం అదే ధరకు అడుగుతున్నారన్నమాట.

చట్టం నీ పక్కన కొంత ఉంది. 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు వాయించేవాళ్లకు, పాడేవాళ్లకు హక్కులు గట్టిపడినయ్. నీ వాయింపు మీద నీ హక్కు 50 ఏళ్లుంటుంది. హక్కు రాసిస్తే ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో రాయాలి. ఏళ్లు రాయకపోతే 5 ఏళ్లే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. రాయించుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడుకోకపోతే, కాగితంలో వేరే మాట లేనంతవరకు, అది చెల్లిపోతుంది. అంటే ఏమీ రాయని కాగితం నీకు మేలు, అన్నీ రాసిన కాగితం వాళ్లకు మేలు. వాళ్ల వకీలు "శాశ్వతంగా" అని ఎందుకు రాశాడో ఇప్పుడు తెలిసిందా?

ఇంకో మెలిక. బొమ్మతో కలిపే చిత్రంలో నీ వాయింపు వాడుకోవడానికి ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ చిత్రం వరకు నువ్వు అడ్డు చెప్పలేవు. అందుకని "ఆ చిత్రం" అంటే ఏదో పేరు పెట్టి రాయించు: ఫలానా 30 సెకన్ల ప్రకటన, దాని 15 సెకన్ల ముక్క, అంతే. రేపు అదే ట్రాకును వాళ్ల ఇంకో వ్యాపారానికి, ఎన్నికల పాటకు వాడకూడదని ఒక వాక్యం. నీ రికార్డింగు నుంచి స్వరాలు కోసి నమూనాల పెట్టెగానో, కంప్యూటరు చేత నాదస్వరం వాయించడానికో వాడకూడదని ఇంకో వాక్యం. ఈ రెండో వాక్యానికి వాళ్లు మొహం చిట్లిస్తే దానికోసమే అడిగారని తెలుసుకో. వక్రీకరించి నీ పేరు చెడగొడితే అడిగే హక్కు నీకుంది గానీ, నిడివి కోసం కత్తిరించడం అందులోకి రాదు. చరణం మధ్యలో కోశారని తర్వాత ఏడిస్తే లాభం లేదు. ఎక్కడ కోయాలో నువ్వే ముందు చెప్పు: షడ్జం (స) మీద ఆగిన చోటు.

వాయించేది త్యాగరాజ కీర్తన అయితే కీర్తన మీద ఎవరి హక్కూ లేదు. కొత్త వరస (ట్యూను) నువ్వే కడితే ఆ వరస హక్కు వేరే సరుకు, దాన్ని ఈ 60,000లో కలపనీయవద్దు. ఈ రెండూ వేరని తెలియక పెద్దపెద్దవాళ్లే చిక్కున పడ్డారు. 2017లో మన నెల్లూరు బిడ్డ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా తరపున నోటీసు వెళ్లింది, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని. పాడిన గొంతు బాలుదే, కట్టిన వరస ఇంకొకరిది. ఎవరు ఒప్పు అని ఊళ్లో ఇంకా కొట్లాడుకుంటారు గానీ, గొంతూ వరసా రెండు వేరు ఆస్తులన్న సంగతి మాత్రం ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

పన్ను విషయంలో నవ్వొచ్చే ముచ్చట ఒకటుంది. శాస్త్రీయ, జానపద కళాకారుడు ఒక ప్రదర్శనకు 1,50,000 దాటకుండా తీసుకుంటే జీఎస్టీ మినహాయింపు. కానీ అదే మనిషి ఒక సరుకుకు ప్రచారకర్తగా నిలబడితే ఆ మినహాయింపు లేదు. నిన్ను తిట్టినవాళ్లకంటే సర్కారే గీత తిన్నగా గీసింది అనిపిస్తుంది నాకు! ఏడాది రాబడి 20 లక్షల లోపు గనక నీకిప్పుడు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. టీడీఎస్ 10 శాతం, అంటే 6,000 పట్టుకుని 54,000 చేతికిస్తారు. ఆ 6,000 నీ పాన్ మీద పడిందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైటులో చూసుకో, లేకపోతే వెంటనే వాళ్లనడుగు. మూడో పేజీలో నీ ఫోటోను "బ్రాండ్ ముఖం" అన్నారు. దానికి వేరే డబ్బు, వేరే గడువు అడుగు. ఏడాది చాలు.

ఇక వాయించడం. పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

స్టూడియోలో ఏసీ చల్లగా ఉంటుంది. గొట్టంలో గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది, పీక ఎండితే బిగుసుకుంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు నువ్వు తెలియకుండానే పెదవితో పీకను కరిచి శ్రుతి పైకి లాగుతావు. నాదం సన్నబడుతుంది, గమకం, అదే స్వరం ఊపు, సగంలో తెగుతుంది. విన్నవాడు "సినిమా వాయింపు" అంటాడు. నిజానికి అది చలి వాయింపు. కాబట్టి మైకు ముందు కూర్చోబోయే ముందు ఇరవై నిమిషాలు వాయించి గొట్టం వెచ్చబెట్టు, టేకు టేకుకీ మధ్య పీకను తడిగా ఉంచు. అప్పుడు గూడా కీబోర్డుతో పొసగకపోతే కీబోర్డును మార్చమను. దానికి అర స్వరం జరిపే మీట ఉంటుంది, అంతకంటే సన్నగా సర్దే మీట గూడా ఉంటుంది. నీకున్నది వేళ్ల కింద ఏడు రంధ్రాలు, అడుగున మైనం పెట్టి సర్దుకునే ఐదు. ఆ మైనం తీసి పెట్టడం ఇంట్లో చేసే పని, గంటకింతని అద్దె నడుస్తున్న స్టూడియోలో కాదు. నీ శ్రుతి రెండా, రెండున్నరా అనేది ముందురోజే వాళ్లకు ఫోన్ చేసి చెప్పు.

మైకును కింది గంట మూతికి ఎదురుగా పెడతారు, ట్రంపెట్ అలవాటు కొద్దీ. వద్దను. నాదం రంధ్రాల్లోంచి గూడా వస్తుంది, మూతి దగ్గర పెడితే ఒక్కో స్వరం ఒక్కో గొంతుతో వినపడుతుంది. రెండు మూడు అడుగుల దూరంలో, వేళ్ల ఎత్తున పెట్టమను.

అన్నిటికంటే ముఖ్యం, శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్. పన్నెండు స్వరస్థానాలకు కట్టేసి వేగంగా పెడితే, గమకంలో ఊగే గాంధారాన్ని అది తప్పనుకుని మెట్లు మెట్లుగా సరిచేస్తుంది. తోడి రాగమైతే ఇంక గుర్తే పట్టలేం. దిద్దకూడదని ఇంజనీరుకు నోటితో చెప్పు, కాగితంలో గూడా రాయించు. ఒకవేళ ఒక స్వరం తప్పిందంటే ఆ ముక్క మళ్లీ వాయిస్తానని చెప్పు. నాలుగు టేకులకు విసుక్కోవద్దు. చెవిలో లయ చూపే టిక్కుటిక్కు వినపడుతుంటే కాలప్రమాణం రాయిలాగా అయిపోతుంది, అది భయపడేంత విషయం కాదు. పది రోజులు ఇంట్లో ఆ టిక్కుతోనే వర్ణం మూడు వేగాల్లో సాధన చేస్తే సర్దుకుంటుంది.

పెళ్లిళ్ల సంగతి అడిగావు. ఎదుర్కోళ్లప్పుడు పది నిమిషాలు రాగం తీయి, అప్పుడు ఎవరూ పాట అడగరు, అందరి చూపూ పెళ్లికొడుకు మీదే ఉంటుంది. మంగళసూత్రధారణకు గట్టిమేళం, దాంట్లో బేరం లేదు. సినిమా పాటలు భోజనాల వేళకు. డీజే వాళ్లు అదే టైము అడుగుతారు గనక బయానా తీసుకునేటప్పుడే గంటలు రాయించుకో, సగం ముందే తీసుకో.

నాకు నిజంగా కష్టమనిపించింది నాలుగో పేజీ. అందులో డోలు లేదు. డోలు శబ్దం ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద కొట్టించుకుంటామని రాశారు. నీతో ఆరేళ్లుగా తొడ ఆనించి కూర్చుని, నీ ఊపిరి ఎక్కడ తెగుతుందో నీకంటే ముందు పట్టుకునే మనిషి ఇంటి దగ్గర కూర్చుంటాడు, నువ్వు ఒక్కదానివే బొమ్మలో కనపడతావు. నగల కొట్టు ముందు నిలబడటం, సినిమా పాట, పట్టుచీర రంగు, వీటిలో దేన్నీ నేను అమ్ముడుపోవడం అనను. దీన్ని అంటాను. నిన్ను తిట్టినవాళ్లు దీన్ని చూడను గూడా చూడలేదు.

కాబట్టి అడుగు: డోలు మనిషే వాయించాలి, అదే రోజు, అదే గదిలో, పేరు నీ పేరు పక్కన. 60,000లోంచే ఇవ్వమంటే ఇవ్వు, వాటా ఎంతో రికార్డింగుకు ముందే ఆయనకు చెప్పు, తర్వాత కాదు. డోలు మైకుల్లోకి నాదస్వరం దూరుతుందని ఇంజనీరు గొణుగుతాడు. మధ్యలో బరువైన దుప్పటి వేలాడదీస్తే చాలావరకు ఆగుతుంది, కానీ ఒకరి మొహం ఒకరికి కనపడేంత సందు ఉంచమను. దీనికి ఒప్పుకోకపోతే కాగితం తిప్పి పంపించు. ఒప్పుకుంటే, నేను పైన చెప్పిన మార్పులు చేసిన కాగితం మళ్లీ నాకు పంపు, చూసి చెబుతాను, అప్పటిదాకా సంతకం పెట్టొద్దు.

మీ అమ్మ మాగాయ సీసా కట్టింది. అదే సంచిలో గుడ్డలో చుట్టి ఆరు పీకలు పెట్టాను, నాలుగు గట్టివి, రెండు మెత్తవి. ఏసీ గదికి మెత్తవి వాడు. నూనె కారితే పీకలు పాడవుతాయి, సంచి అందగానే ముందు అవి తీయి.

నాన్న