సామెతలో వస్తువేదీ?

అయ్యా,

పత్రికల్లో సామెతల శీర్షికల్లో భావం ఒక్కటే ఇచ్చి, సామెతలో ఉన్న అసలు వస్తువేమిటో చెప్పకుండా వదిలేస్తున్నారు.

'పుట్టెడు దుఃఖం' అంటే 'చాలా దుఃఖం' అని సరిపెడుతున్నారు. పుట్టి ధాన్యపు కొలత. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే 320 మానికలు (మానిక ప్రాంతాన్ని బట్టి మారేదనుకోండి). ఒక్క మనిషి నెత్తికెత్తుకోలేని బరువు.

'చిల్లిగవ్వ'ను 1943-47 మధ్య వచ్చిన చిల్లు కాణీ అనుకునేవాళ్లున్నారు. కాణీ పాత లోహపు నాణెం, అప్పటి రూపాయిలో 64వ వంతు. గవ్వ సముద్రపు గవ్వే, ఒకప్పుడు చిల్లరగా చెల్లేది. దమ్మిడీ కాణీకన్నా చిన్న నాణెం, అప్పట్లో రూపాయికి 192. 'పదహారణాల తెలుగు' కూడా ఈ లెక్కే: 16 అణాలైతేనే నిండు రూపాయి. 1957లో నయాపైసలు వచ్చాక పుట్టినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా!

'గోరుచుట్టు మీద రోకటిపోటు' సంగతి మరీ అన్యాయం. గోరు అంచున చీము పట్టి వాచిన వేలు, తాకితేనే ప్రాణం విలవిల్లాడుతుంది. దంచేటప్పుడు రోటి అంచుకు చిందిన గింజలను ఒక చెయ్యి లోపలికి తోస్తుంటుంది. లయ తప్పిందా, రోకలి పడేది ఆ చేతి మీదే. 'కష్టం మీద కష్టం' అని రాస్తే ఆ సలుపు ఎక్కడుంది?

వాడుక పోయిన వస్తువుంటే ముందు అదేమిటో ఒక వాక్యం, కొలతైతే లెక్క వేసి, ఆ తర్వాతే భావం ఇవ్వండి.

- ఒక పాఠకుడు