అవ్వను నాయనమ్మను చేసిన సమీక్ష

సంపాదకులకు,

పోయిన నెల మీ ఆదివారం సంచికలో ఓ తెలంగాణ రచయిత ఆత్మకథ మీద వచ్చిన సమీక్షకు ఎవరైనా జవాబు రాస్తారని మూడు వారాలు చూశాక, ఇక ఉండబట్టక రాస్తున్నాను.

'నాయనమ్మ పెంపకంలో పెరిగిన బాలుడి ఆవేదన' అని మొదటి పేరాలోనే తేల్చేశారు. పుస్తకంలో నాయనమ్మ లేదు, అవ్వ ఉంది. మా తెలంగాణ దిక్కు పల్లెల్లో అవ్వ అంటే కన్నతల్లి. భర్త పోయినా దొర గడిలో వెట్టి చేసుకుంటూ కొడుకును బడికి పంపిన ఆడమనిషి బతుకు, సమీక్షకుల పుణ్యమా అని ముసలమ్మ ముచ్చట అయింది. పైగా 'యాస అక్కడక్కడా అడ్డుపడింది' అట. ఎవరికి అడ్డుపడిందో తెలుస్తూనే ఉంది!

'1357లో రజాకార్లు వంటి అచ్చుతప్పులు' అని ఇంకో చురక. అది అచ్చుతప్పు కాదు మహానుభావా, ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలు దాంట్లోనే రాసేవారు. అక్టోబర్‌లో ఏడు మొదలవుతుంది. ఇంగ్లీషు ఏడు కావాలంటే దానికి డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలుపుకోవాలి. 1357 ఫసలీ వానకాలం అంటే 1948, పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిన ఏడాదే.

ముందుమాట, వెనక అట్ట చదివి రాస్తే ఇట్లాగే ఉంటుంది. మూడు వంతులు కథ చెప్పడం, మిగిలిన వంతులో 'ఆద్యంతం చదివిస్తుంది'. ఆత్మకథ 'నవలలా సాగింది' అనడం మెచ్చుకోలా? నవలలో మనుషులు నమ్మించారా అని చూస్తాం. ఆత్మకథలో ముందు ఊరు, ఏడు, వరసలు సరిచూడాలి. ఆ తర్వాత రచయిత ఏం దాటేశాడో పట్టుకోవాలి: అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు ఒక్క వాక్యంలో ముగించాడా? పై కులాలు తనకు చేసింది చెప్పినవాడు, తన ఇంట్లోవాళ్లు కింది కులాలకు చేసింది చెప్పాడా? దాశరథి రంగాచార్య నిజాం కాలపు ఊరిని 'చిల్లర దేవుళ్లు' నవలలో చూపించారు, 'జీవనయానం'లో తన బతుకుగా చెప్పుకున్నారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ధర వేశారు సరే, ప్రతులు దొరికేచోటు ఏది? గ్రంథాలయంలో చూసుకోమంటారా? 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మా హనుమకొండ. ఇప్పుడు ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, ర్యాకుల నిండా పోటీపరీక్షల గైడ్లే. సెప్టెంబర్ 9న, కవి కాళోజీ పుట్టినరోజున, ఆయన పటానికి దండేసి మన భాష, మన యాస అని గంటసేపు మాట్లాడే పెద్దలు, ఆ యాసలో వచ్చిన పుస్తకాలు ఏడాదికి ఎన్ని కొన్నారో మాత్రం చెప్పరు.

సవరణ వేయండి. అందులోనైనా అవ్వను అవ్వగానే ఉంచండి. పుస్తకం దొరికే చిరునామా కూడా వేయండి.

— ఓ పాఠకుడు, హనుమకొండ